ముందు సుట్టరికం, తర్వాత కాంటా

మార్చి నెలల నిజామాబాద్ మార్కెట్ యార్డుకు ఒక్కసారి వచ్చిపోతే వారం దాక మనిషి పసుపు వాసనే కొడ్తడు. నేను నాలుగేండ్ల సంది గండ్లనే ఉన్న. ఒక అడ్తి దుకాణంల కంప్యూటర్ ముంగట కూసోని రైతులకు తూకం చిట్టీలు కొడ్త. మా బాపు రాజారాం అదే యార్డుల బస్తాలు తూకమేస్తడు. ఇరవై ఎనిమిదేండ్ల సంది గదే పని. అందరు 'కాంటా రాజారాం' అనే పిలుస్తరు.

నాకింకో పనుంది. డ్యూటీ దిగినంక గేమ్‌లు ఆడి, మన భాషల రివ్యూలు చెప్త. ఛానల్ పేరు 'కాంటా భూమేష్'. పేరు బాపు కాడికెల్లే తీసుకున్న. గ్రాఫిక్స్‌కిన్ని, కంట్రోల్స్‌కిన్ని, క్యారెక్టర్ డిజైన్‌కిన్ని అని పదికి మార్కులిస్త. మొహమాటం లేదు, ఎవ్వని దిక్కు మొగ్గేది లేదు, అంతా ఆబ్జెక్టివ్. వీడియో ఆఖరున 'తూకం తూకమే' అని చెయ్యొక్కటే ఊపుత, మొహం చూపెట్ట. ఎనభై వేలమంది చూస్తరు. గండ్ల ఒకామె నా మీద కోపంతోని బోధన్‌ల బస్సెక్కి వస్తదని నేను కలల గూడ అనుకోలే.

వచ్చింది. నీలం చుడీదార్, భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు, ముక్కు మీద కోపం. గేటు కాడ కాంటా భూమేష్ ఎవరని అడిగిందంట. హమాలీలకు యార్డుల కాంటా అంటే ఒక్కడే మనిషి. తీస్కపోయి మా బాపు ముంగట నిలవెట్టిండ్రు.

"నాలుగెట్ల ఇస్తరు మీరు? కష్టం చేసినోళ్ల ఉసురు తాకదా?" అన్నది.

బాపు మొహం చిన్నగైంది. ఇరవై ఎనిమిదేండ్లల బాపు తూకం మీద మాట పడలే. ఏ కుప్ప బిడ్డా మీది, నాలుగు కిలోలు తక్కువొచ్చినయా, తే, అందరి ముంగట మళ్ల తూద్దాం, అర కిలో తేడా వచ్చినా ఇయ్యాల్టికెల్లి కాంటా ముట్ట అని బస్తా మీద చెయ్యేసిండు. నలుగురు జమైండ్రు.

"కిలోలు కాదు కాకా. పదికి నాలుగు మార్కులు."

కిటికీలకెల్లి చూస్తున్న నాకు సంగతి సమజైంది. కుర్చీ తన్నుకోని బయటికి ఉరికిన. మార్కులిచ్చింది బాపు కాదు, నేను అని చెప్పిన. ఆమె నన్ను కిందికెల్లి మీది దాక చూసింది. వీడియోల నా గొంతు ఇని పెద్ద మనిషి అనుకున్నదంట.

ఆమె పేరు రుచిత. ఆమె చేసిన గేమ్ పేరు 'కొండచేతుల సాయవ్వ'. కథ సాదాసీదా. అడవిపందులు చెరుకు తోటల పడి తింటుంటయ్, ఒక ముసలవ్వ ఆటిని తరుముతది. అవ్వేమో ఇంతంత మనిషి, చేతులేమో ఒక్కోటి చేటంత. డెమో వస్తే ఆడి, క్యారెక్టర్ డిజైన్‌కు నాలుగిచ్చిన. రెండు కారణాలు చెప్పిన. ఒకటి, చేతులకు ఒంటికి పొంతన లేదు. రెండోది, కుడి చెయ్యి బొటనేలు గోరు సగమే ఉన్నది, గది మోడలింగ్ తప్పు. గోరు చుట్టు ఎర్ర గీత గూడ గీసి చూపెట్టిన. నా చూసేటోళ్లు ఇంకో అడుగు ముంగటికేసి 'జేసీబీ అవ్వ' అని పేరు వెట్టి, ఫొటోలు చేసి నవ్విండ్రు. నేను గూడ నవ్విన, అబద్ధమెందుకు.

రుచిత ఫోన్ తీసి నా పాత రివ్యూ ఒకటి పెట్టింది. గది ఒక పెద్ద కంపెనీ గేమ్. హీరోయిన్ నడుముకు గాజు తొడగొచ్చు, చేతుల కత్తేమో ట్రాక్టర్ ట్రాలీ అంత పొడుగు. గా డిజైన్‌కు నేను తొమ్మిదిచ్చిన. 'స్టైల్ అంటే గిది' అని నా గొంతే నా ముంగట అరుస్తుంటే చెవులు మూసుకోబుద్ధైంది.

"గామె తిన్నది యాడికి పోతదో నీకు పట్టలే. గది స్టైల్. మా అవ్వ చేతులు పెద్దగుంటే తప్పు. గిది ఏం కాంటా?"

నేను ఆబ్జెక్టివ్ అనుకుంట ఏదో మొదలువెట్టిన. మధ్యల బాపు, మార్కులు దేంతోని తూసినవ్‌రా అని అడిగిండు. కండ్లతోని అన్న. కండ్లు కాంటా కాదు గదరా అన్నడు బాపు. హమాలీలు పడి పడి నవ్విండ్రు. నాకు పుండు మీద కారం జల్లినట్టైంది. ఎనభై వేలమందికి నచ్చినోడిని నేను, నీ ఒక్కదానికి నచ్చకపోతే ఏంది అని ఆమె మీద లేచిన.

ఆమె ఏమంటుండెనో గని, గప్పుడే మబ్బు దించుకచ్చింది. మార్చిల వాన పసుపుకు పగోడు. యార్డంత కుప్పలు ఖుల్లాగున్నయ్. రైతులు, హమాలీలు, అడ్తిదార్లు అందరు టార్పాలిన్ల మీద వడ్డరు. నేనొకటి గుంజుకోని పెద్ద కుప్ప మీదికి ఇసిరితే అవతలి కొస గాలికి లేసింది. చూస్తే గా కొసను రుచిత పట్టుకున్నది. బ్యాగు ఎప్పుడు నా దుకాణంల ఇసిరేసిందో ఏమో.

వాన దంచుతుంది. మధ్యల పసుపు కుప్ప, నేను ఇటు, ఆమె అటు. గాలి గుంజినప్పుడల్లా ఆమె నా దిక్కు ఒరుగుతది, నేను ఆమె దిక్కు ఒరుగుత. గంత వానల గూడ ఆమె నోరు ఆగలే.

"జర ఆబ్జెక్టివ్‌గా పట్టు, జారుతుంది" అన్నది.

వాన పావుగంటల ఆగింది. టార్పాలిన్ ఇడిసి చూస్తే ఆమె రెండు చేతులు మోచేతుల దాక పచ్చగైనయ్. గా చేత్తోనే నుదురు తుడుసుకున్నది. నుదురు, చెంప పచ్చగై, తడిసిన వెంట్రుకలు అంటుకోని, అచ్చం నలుగు పెట్టిన పెండ్లిపిల్ల లెక్క నిలవడ్డది. నేను చూస్కుంట ఉండిపోయిన. నా చూపు పట్టేసింది.

"ఏంది, ఎన్ని మార్కులు?"

నా నోట్లకెల్లి ఒక్క అంకె గూడ రాలే. నా జన్మల గదే మొదటిసారి.

ఆమె పోయేముందు ఇంకోటైంది. వాన ఆగినంక బాపు మళ్ల తూకం షురూ చేసిండు. ఒక కుప్ప కాడికి వచ్చేసరికి చెయ్యి తీసేసి, "గిది మా బామ్మర్దిది. నర్సన్నా, నువ్వు వట్టు" అని ఖుల్లాగ అరిచిండు. నర్సన్న పక్క కాంటా మీద పనిచేస్తడు, బాపు జోడీ. ఎందుకట్ల అని రుచిత అడిగింది. మీ చెయ్యి మీద మీకు నమ్మకం లేదా కాకా అన్నది.

"నాకున్నది బిడ్డా. గని నమ్మాల్సింది నేను కాదు గద, ఎదుటోడు. ముందుగాల సుట్టరికం చెప్పాలె, తర్వాతనే కాంటా."

రుచిత నా దిక్కు ఓర చూపు చూసి, ఆదివారం బోధన్‌కు రా, నేను ఎవల్ని గీసిన్నో చూపెడ్త అని బస్సెక్కిపోయింది.

నేను పోవొద్దనే అనుకున్న. ఆదివారం పొద్దుగాల ఏడింటికే బస్టాండ్‌ల ఉన్న. ఎడపల్లి దాటినంక రోడ్డుకు అటు ఇటు చెరుకు, గండ్ల పందులు ఉన్నయా అని చూస్కుంట పోయిన.

రుచిత వాళ్ల బాపు రాజలింగు చెరుకు రైతు, రెండెకరాల పసుపు గూడ ఏస్తడు. గంభీరమైన మనిషి. నాకు కుర్చీ ఏసి, నీళ్లిచ్చి, ఇగ మాట్లాడలే. రుచిత హైదరాబాద్‌ల యానిమేషన్ చదివి, బెంగుళూరుల రెండేండ్లు జాబ్ చేసి, సొంత గేమ్ చేస్తనని ఇంటికొచ్చింది. రాజలింగు ఒక్క ఏడాది గడువిచ్చిండు. మే నెలాఖరుకు గేమ్ బయటికి రావాలె, నలుగురు మెచ్చాలె. లేకుంటే మళ్ల బెంగుళూరే. గా గడువు మీద నేను నాలుగు మార్కుల రాయేసిన అన్నట్టు.

నానమ్మ సాయవ్వ చెరుకురసం గిలాస పట్టుకొచ్చింది. నేను ఆమె చేతులు చూసి బీరిపోయిన. పిట్టంత చేతులు. గిలాస చుట్టు ఏళ్లు పూరాగ తిరుగుతలేవు.

"మరి గీస్తే గంతంత ఎందుకు గీసినవ్?" అని రుచితను మెల్లగ అడిగిన.

"నాకు ఐదేండ్లప్పుడు జరమొస్తే గా చెయ్యి నా నుదురు మీద పెట్టేది. నా మొహమంత కప్పేది. నాకు గా చెయ్యి గంతనే గుర్తున్నది. తగ్గించి గీస్తే అబద్ధమైతది."

గిలాస అందుకుంటుంటే సాయవ్వ కుడి బొటనేలు కండ్లవడ్డది. గోరు సగమే ఉన్నది. ఒక దిక్కు అరిగి, వంకరగ. నలభై ఏండ్లు బీడీలు చేసిన బిడ్డా, ఆకు మలిచి మలిచి గిట్లైంది అన్నది ముసల్ది, నేను చూస్తున్నది చూసి. నేను ఎర్ర గీత గీసిన గోరు గదే. రుచిత గుమ్మానికి ఒరిగి నన్నే చూస్తుంది. గా చూపు కన్న నాలుగు తిట్లు తిడ్తే బాగుండు అనిపిచ్చింది.

ఇంటికి వచ్చిన. మా అమ్మ సుమిత్రమ్మ ఎప్పటిలెక్కనే గడప కాడ చేట ఒళ్ల వెట్టుకోని బీడీలు చుడుతుంది. పక్కపొంటి కూసోని అమ్మ కుడి చెయ్యి పట్టుకున్న. బొటనేలు గోరు, అచ్చం గట్లనే, సగం. ఇరవై ఆరేండ్లు గా చేత్తో తిన్న. గా చేత్తో చేసిన బీడీలతోని చదువుకున్న. గోరు సగమున్నదని ఒక్కనాడు చూడలే, బొమ్మల చూసి తప్పన్న. అమ్మ ఏమైందిరా అని పరేషానైంది. ఏం లేదమ్మా, నా కండ్లకు నాలుగు మార్కులే అని లేచిపోయిన. అమ్మకు సమజ్ కాలే.

అప్పటికప్పుడు ఛానల్‌ల రాసిన. గోరు తప్పు కాదు, తప్పు నాది, కారణం గిది అని. జేసీబీ అన్నోళ్లల సగం మంది గమ్మునైండ్రు. ఒక పిల్లగాడు 'మా అమ్మది గూడ గంతే అన్న' అని రాసిండు. గది చదివి నేను కండ్లు తుడుసుకున్న.

గా తర్వాత రెండు నెల్లు ఎట్ల పోయినయో నాకే తెల్వదు. రుచిత కొత్త లెవెల్ చేసినప్పుడల్లా పంపుతది, నేను ఆడి తప్పులు వెతుకుత. పంది గోడల ఇరుక్కుంటుందని చెప్తే, నువ్వు గూడ గట్లనే ఇరుక్కుంటవ్ ఒకనాడు అనేది. నా ఫొటో పెడితే హెయిర్‌స్టైల్ పదికి మూడు, ఆబ్జెక్టివ్‌గా, అని మెసేజ్ కొట్టేది. నేను మర్నాడే కటింగ్ చేయించుకోని ఇంకో ఫొటో పెడితే మూడున్నర ఇచ్చింది. గా అర మార్కు కోసం వారం రోజులు ఎగిరిన.

ప్రేమ అని ఇద్దరం అనలే. నాకైతే ఎరుకే. ఆమె వస్తున్నదంటే బస్సుకు అరగంట ముందే బస్టాండ్‌ల పోయి నిలవడ్త.

మే మూడో వారంల గేమ్ అయిపోయింది. రుచిత వచ్చి ఎదురుంగ కూసోని, ఇగ రివ్యూ చెయ్, నా కోసం ఒక్క మార్కు ఎక్కువేస్తే నీ మొహం చూడ అన్నది. తక్కువేస్తే గూడ చూడవు గద అని మనసుల అనుకున్న. అసలు పరేషాన్ గది కాదు. గేమ్ నాకు మస్తు నచ్చింది. గని నచ్చింది గేమా, గేమ్ చేసిన పిల్లనా, తేల్చుకోలేకపోతున్న. నా కాంటా మీద నాకే నమ్మకం పోయింది. గా సంగతి నోరు తెరిచి చెప్పే ధైర్యం లేక, నేను రివ్యూ చెయ్య, ఇంకెవలతోనన్న చేయించుకో అన్న.

ఆమె మొహం ఒక్కసారి మాడిపోయింది.

"అంటే ఇంకా నాలుగే అన్నట్టు. మొహం మీద చెప్పలేక తప్పించుకుంటున్నవ్."

గట్ల కాదు అనేలోపట లేచిపోయింది. ఎనిమిది రోజులు ఫోన్ ఎత్తలే. గేమ్ బయటికొచ్చింది, ఏ ఛానలోడు ముట్టలే. మే నెల ఒడుస్తుంది. రాజలింగు బెంగుళూరు టికెట్ చూస్తున్నడని సాయవ్వ ఫోన్‌ల చెప్పింది.

గా మధ్యాహ్నం బాపుతోని సద్ది తింటున్న. నువ్వు మామ కుప్ప తూస్తే నిజంగనే తేడా వస్తదా బాపూ అని అడిగిన. రాదు అన్నడు. మరి ఎందుకు తప్పుకుంటవ్ అన్న.

"తప్పుకునుడు కాదురా. చెప్పుడు. చెప్పకుండ తప్పుకుంటే దొంగ లెక్క ఉంటది."

నేను చెయ్యి కడుక్కోని దుకాణంల సెలవడిగిన.

ఇంటికి పోయి వీడియో తీసిన. తీసి ముందుగాల రుచితకే పంపిన. నువ్వు వద్దంటే గిది బయటికి రాదు, నాకాడనే ఉంటది అని కింద రాసిన. వీడియో గిట్ల షురూ అయితది.

"నమస్తే, నేను కాంటా భూమేష్. తూకానికి ముందు సుట్టరికం చెప్పాలె. గీ గేమ్ చేసినామె పేరు రుచిత. నేను ఆమెను ప్రేమిస్తున్న. ఆమెకు గిప్పటిదాక చెప్పలే, ఆమె మనసుల ఏమున్నదో నాకెరుక లేదు. గందుకని నా చెయ్యి బరువు కాంటా మీద ఉన్నదనుకోని, ఎంత తీసెయ్యాలెనో అంత తీసేసి ఇనుండ్రి."

తర్వాత గేమ్ సంగతి చెప్పిన. మూడో లెవెల్‌ల అవ్వ దుంకుడు ఆలస్యమైతుంది. కథ ఆఖరున తొందరపడ్డది. ఒక్కటి గూడ దాచలే. చేతుల కాడికి వచ్చినంక, పోయినసారి ఎర్ర గీత గీసిన గోరును మళ్ల చూపెట్టి, పక్కన మా అమ్మ బొటనేలు చూపెట్టిన. పెద్దగ గీసుడు తప్పు కాదు, ఏది పెద్దగ గీసిండ్రు, ఎందుకు గీసిండ్రు అని అడగకుండ అంకె ఏసుడు తప్పు, గా తప్పు నేను రెండుసార్లు చేసిన, గా నడుముకు తొమ్మిదిచ్చినప్పుడు, గీ చేతులకు నాలుగిచ్చినప్పుడు అన్న. మార్కులు మాత్రం నేనెయ్యలే. ఫోన్ తీస్కపోయి మా వాడకట్టుల గంగుబాయి చేతులవెట్టిన. గంగుబాయి ధర్మాబాద్ ఆడపడుచు, ఇక్కడికి కోడలై వచ్చి ముప్పై ఏండ్లైనా లోకంల దేన్ని మెచ్చుకున్న మనిషి కాదు. రుచిత ఎవరో ఆమెకు తెల్వదు. బీడీల చేట పక్కకు జరిపి రెండు గంటలు పందులను తరిమింది. ఫోన్ గుంజుకుంటే ఇయ్యలే. ఏడున్నర అన్నది. పందులు గట్ల అరవయని రెండున్నర కోసింది.

వీడియో పంపి గోడకు ఒరిగి కూసున్న. గంటసేపు ఆమె చూసినట్టు నీలం గీతలు రాలే. వచ్చినంక ఇంకో గంట జవాబు రాలే. ఆఖరికి ఒక్కటే మాట వచ్చింది.

'పెట్టు.'

పెట్టిన. జనం ఎగబడ్డరు. తెల్లారేసరికి గేమ్ పదకొండు వేలమంది ఫోన్లల్ల ఉన్నది. అమ్మలతోని ఆడిపిచ్చి వీడియోలు పెడుతున్నరు. గని నాకు కావల్సిన మాట మాత్రం రాలే. గా 'పెట్టు' అంటే వీడియో సంగతే గద, నా సంగతేంది.

మర్నాడు పొద్దుగాల యార్డుల సీజన్ ఆఖరి సరుకు దిగుతుంది. ఒక ట్రాలీ వచ్చి ఆగింది. ముంగటికెల్లి రాజలింగు దిగిండు. వెనుకకెల్లి రుచిత. నేను చిట్టీల ముంగట గడ్డకట్టిపోయిన.

రుచిత సీదా నా కాడికొచ్చింది. మూడో లెవెల్‌ల దుంకుడు ఆలస్యం లేదు, నీ ఫోన్ పాతది, ముందు గది మార్చు అన్నది. అవునా అన్న. అవును, వీడియో కింద దిద్ది రాయి అన్నది. రాస్త అన్న. గంతే. మళ్లి పోయింది. నా పానం ఉసూరుమన్నది.

బయట హమాలీలు రాజలింగు బస్తాలు దించి కాంటా కాడ వెట్టిండ్రు. బాపు మొదటి బస్తా మీద చెయ్యేసిండు. రుచిత పోయి బాపు ఎదురుంగ నిలవడ్డది, మార్చిల మొదటిసారి నిలవడ్డ జాగల్నే.

"జర ఆగు మామా. ముందు సుట్టరికం చెప్పాలెనంటివి గద. చెప్పనీకే వచ్చిన."

రెండు నెల్ల సంది కాకా అని పిలిచిన పిల్ల. బాపు చెయ్యి బస్తా మీదనే ఆగిపోయింది. మెల్లగ తల తిప్పి రాజలింగు దిక్కు చూసిండు. రాజలింగు తువ్వాల దులిపి భుజానేసుకోని, చిన్నగ తలూపిండు. నేను కిటికీ చువ్వలు పట్టుకోని చూస్తున్న.

బాపు కాంటా మీదికెల్లి చెయ్యి తీసిండు. యార్డంత ఇనవడేటట్టు అరిచిండు.

"నర్సన్నా, గీ కుప్ప నువ్వు వట్టు. గిది మా సుట్టపోళ్లది."

నర్సన్న నవ్వుకుంట వచ్చి తూకమేసిండు. హమాలీలు ఈలలేసిండ్రు. రుచిత నా దిక్కు చూసి, పసుపైన రెండు చేతులెత్తి పదికి పది ఏళ్లు చూపెట్టింది. నేను ఏడుస్తున్ననో నవ్వుతున్ననో నాకే సమజ్ కాక, రాజలింగు పేరు మీద చిట్టీ కొట్టబోయిన. గప్పటిదాక నాతోని పది మాటలన్న మాట్లాడని మనిషి కిటికీ కాడికి వచ్చి నిలవడ్డడు.

"చిట్టీ గూడ ఇంకొకలతోని కొట్టియ్యి అల్లుడా. నువ్వు కొడితే బాగుండదు."

నేను కుర్చీలకెల్లి లేచి పక్కకు జరిగిన.